సీనేమ్ రికార్డుతో డొమైన్‌ను పాయింట్ చేయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

బ్లాగుకో, బట్టల దుకాణానికో, స్కూలు సైటుకో సొంత డొమైన్ కొన్నాక మొదట ఎదురయ్యే సూచన ఇది: "మీ డీఎన్ఎస్‌లో ఒక సీనేమ్ రికార్డు చేర్చండి." డీఎన్ఎస్ అంటే సైట్ల పేర్లను ఐపీ అడ్రస్‌లకు, అంటే సర్వర్ల నంబర్లకు కలిపే ఇంటర్నెట్ చిరునామా పుస్తకం. చేర్చాల్సింది ఒక్క వరుసే. అది పనిచేయకపోతే మాత్రం రోజంతా టెన్షన్. ఆ ఒక్క వరుస గురించి జనం ఎక్కువగా అడిగేవాటికి ఇక్కడ జవాబులున్నాయి. ఉదాహరణలకు ఎగ్జాంపుల్.కామ్ వాడాను. 1999 నుంచి ఆ పేరును ఇలాంటి ఉదాహరణల కోసమే పక్కన పెట్టారు, ఎవరికీ అమ్మరు. పేరు ముందు వచ్చే మూడు డబ్ల్యూలను మనం నోటితో అన్నట్టే ట్రిపుల్ డబ్ల్యూ అని రాశాను.

సీనేమ్ రికార్డు అసలు ఏం చేస్తుంది?

ఒక పేరు ఏ ఐపీ అడ్రస్‌లో ఉందని ఎవరైనా అడిగితే, "నన్ను కాదు, ఫలానా పేరును అడగండి" అంటుంది. దాని పని అక్కడితో సరి.

ఉదాహరణకు షాప్.ఎగ్జాంపుల్.కామ్ అనే పేరుకు మీ హోస్టింగ్ కంపెనీ ఇచ్చిన పేరును సీనేమ్‌గా పెట్టారనుకుందాం. చూడటానికి వచ్చినవాళ్ల ఫోన్ తన డీఎన్ఎస్ రిజాల్వర్‌ను (పేర్లకు ఐపీలు వెతికిపెట్టే సర్వరును) అడుగుతుంది. రిజాల్వర్ మీ నేమ్‌సర్వర్‌ను (మీ డొమైన్ రికార్డులు ఉండే సర్వరును) అడిగితే సీనేమ్ దొరుకుతుంది. అందులో ఉన్న పేరు పట్టుకుని మళ్లీ అడిగి, చివరికి ఒక ఐపీ తెచ్చి ఫోన్‌కి ఇస్తుంది. ఫోన్ ఆ ఐపీకి కనెక్ట్ అవుతుంది. ఈ తిరుగుడంతా తెర వెనక జరిగేదే.

ఇది కొత్త ఏర్పాటేమీ కాదు. డీఎన్ఎస్‌ను పాల్ మొకాపెట్రిస్ 1983లో రూపొందించారు. ఇప్పటికీ ఆధారంగా ఉన్న ఇంటర్నెట్ నియమాల పత్రాలు, ఆర్ఎఫ్‌సీ 1034, 1035, 1987 నవంబరులో వచ్చాయి. సీనేమ్ నియమాలు వాటిలోనే ఉన్నాయి. ఈ రికార్డుకు తెలిసింది పేర్లు మాత్రమే. పేజీ, ఫోల్డరు, అడ్రస్ బార్, సర్టిఫికెట్, ఇవేవీ దానికి తెలియవు. కింది ప్రశ్నల్లో చాలావరకు ఈ సంగతి మరిచిపోవడం వల్ల పుట్టినవే.

'ఏ' (A) రికార్డు, అంటే పేరుకు ఐపీ చెప్పే రికార్డు పెట్టి నేరుగా ఐపీ ఇచ్చేస్తే సరిపోదా?

సర్వరు మీదే అయి, ఐపీ మారదని మీకు తెలిస్తే సరిపోతుంది. అప్పుడు 'ఏ' రికార్డే మేలు, మధ్యలో ఇంకో పేరు అక్కర్లేదు. కానీ బ్లాగర్, గిట్‌హబ్ పేజెస్, షాపిఫై లాంటి చోట్ల సర్వర్లు మీవి కావు. వాళ్లు ఐపీలు మార్చుకుంటారు, లోడ్‌ను బట్టి వేరే డేటా సెంటర్‌కు పంపుతారు. మీరు సీనేమ్ పెట్టి ఉంటే వాళ్లు వాళ్ల వైపు మార్చుకుంటే చాలు, మీ రికార్డు తాకనవసరం లేదు. ఐపీ పెట్టి ఉంటే, వాళ్లు పంపిన మెయిల్ మీరు చదవని రోజున సైటు ఆగిపోతుంది. ఐపీవీ6 అనే కొత్త తరహా అడ్రస్‌ల కోసం విడిగా రికార్డు పెట్టే పని కూడా సీనేమ్ తప్పిస్తుంది.

సీనేమ్ పెడితే అడ్రస్ బార్‌లో కొత్త పేరు కనిపిస్తుందా?

కనిపించదు. టైప్ చేసిన పేరే ఉంటుంది. పేరు మారి కనిపించాలంటే కావాల్సింది రీడైరెక్ట్. ఆ పని చేసేది వెబ్ సర్వరు. బ్రౌజర్ వచ్చి అడిగాక "ఈ పేజీ అక్కడుంది, అక్కడికి వెళ్లు" అని 301 కోడ్‌తో జవాబిస్తుంది. డీఎన్ఎస్ పాత్ర అంతకుముందే ముగిసిపోయి ఉంటుంది.

ఇందుకే సీనేమ్ విలువలో హెచ్‌టీటీపీఎస్ అని మొదలుపెట్టడం, చివర గీత పెట్టి ఫోల్డరు పేరు రాయడం, పోర్టు నంబరు తగిలించడం కుదరవు. కొన్ని ప్యానెళ్లు (డీఎన్ఎస్ రికార్డులు చేర్చే పేజీలు) ఎర్రర్ చూపిస్తాయి, కొన్ని నోరు మూసుకుని సేవ్ చేసుకుంటాయి. రెండో రకంతోనే ఇబ్బంది.

నా పాత డొమైన్‌కి వచ్చినవాళ్లంతా కొత్త డొమైన్‌కి వెళ్లాలి. పాతదానికి సీనేమ్ పెట్టనా?

వద్దు. రిజిస్ట్రార్ (డొమైన్ అమ్మిన కంపెనీ) ప్యానెల్‌లో "డొమైన్ ఫార్వార్డింగ్" అని ఉంటుంది, అది వాడండి. లేదా పాత డొమైన్‌ను ఏదైనా సర్వరుకు పాయింట్ చేసి, అక్కడ 301 రీడైరెక్ట్ పెట్టండి. పాత పేరుకు సర్టిఫికెట్ (ఆ పేరు సర్వరు అసలైనదేనని బ్రౌజర్‌కు చూపే రుజువు) కూడా ఉండాలి. అది లేకపోతే హెచ్‌టీటీపీఎస్‌తో వచ్చినవాళ్లకు రీడైరెక్ట్ కంటే ముందే హెచ్చరిక పేజీ ఎదురవుతుంది.

రికార్డు సరిగ్గానే ఉంది, కానీ 404 (పేజీ దొరకలేదు) వస్తోంది. లేదా హోస్టింగ్ కంపెనీ సొంత పేజీ వస్తోంది. ఎందుకు?

ఇంటింటికీ ఫోన్ లేని రోజుల్లో విజిటింగ్ కార్డుల మీద పీపీ నంబరు వేసుకునేవాళ్లు గుర్తుందా? ఫోన్ పక్కింట్లో మోగుతుంది. ఎవరు కావాలో మీరు చెప్పాలి, ఆ పేరుగల మనిషి తమకు తెలుసని ఆ ఇంటివాళ్లు అనుకోవాలి. తెలియకపోతే "రాంగ్ నంబర్" అని పెట్టేస్తారు.

ఇక్కడ జరిగేదీ అదే. ఒకే ఐపీ మీద వేలకొద్దీ సైట్లుంటాయి. బ్రౌజర్ కనెక్ట్ అయ్యాక "నాకు షాప్.ఎగ్జాంపుల్.కామ్ కావాలి" అని హోస్ట్ హెడర్‌లో చెబుతుంది. అందులో వెళ్లేది టైప్ చేసిన పేరు. సీనేమ్‌లో మీరు రాసిన పేరు కాదు. ఆ పేరు మీ ఖాతాకు చెందిందని హోస్టింగ్ వైపు నమోదు కాకపోతే సర్వరుకు ఏం చూపించాలో తెలియదు.

కాబట్టి పని రెండు చోట్ల ఉంది. డీఎన్ఎస్‌లో సీనేమ్ పెట్టాలి. హోస్టింగ్ సెట్టింగ్స్‌లో "కస్టమ్ డొమైన్" దగ్గర అదే పేరు చేర్చాలి. మొదటిది చేసి రెండోది వదిలేసేవాళ్లే ఎక్కువ. అసలు సీనేమ్‌తో ఎవరి సైటుకైనా మన పేరు తగిలించేయొచ్చని అనుకునేవాళ్లూ ఉన్నారు. అవతలివాళ్లు ఒప్పుకుని చేర్చుకోనిదే అది జరగదు.

"యువర్ కనెక్షన్ ఈజ్ నాట్ ప్రైవేట్" అని వస్తోంది. టార్గెట్ సైటుకు, అంటే సీనేమ్ చూపించే చోటుకు సర్టిఫికెట్ ఉంది కదా?

ఉంది, కానీ అది టార్గెట్ పేరు మీద ఉంది. బ్రౌజర్ సరిచూసేది టైప్ చేసిన పేరును. షాప్.ఎగ్జాంపుల్.కామ్ అని ఉన్న సర్టిఫికెట్టే కావాలి. కస్టమ్ డొమైన్ చేర్చాక చాలా సర్వీసులు లెట్స్ ఎన్‌క్రిప్ట్ లాంటి చోటు నుంచి దాన్ని వాటంతటవే తెచ్చుకుంటాయి. కొంచెం సమయం పడుతుంది, ఈలోగా హెచ్చరిక కనిపిస్తుంది.

గంటలు గడిచినా రాకపోతే రూట్ డొమైన్‌లో (ముందు ఏ ముక్కా లేని వట్టి ఎగ్జాంపుల్.కామ్ లాంటి పేరులో) సీఏఏ రికార్డు ఉందేమో చూడండి. మీ డొమైన్‌కు ఏ సంస్థలు సర్టిఫికెట్ ఇవ్వవచ్చో చెప్పే రికార్డు అది. పాత కంపెనీ ఎప్పుడో పెట్టి వెళ్లిన సీఏఏలో వేరే సంస్థ పేరొక్కటే ఉంటే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ ఇవ్వదు. ఇలాంటిది ఒకటి ఉంటుందని కూడా చాలామందికి తట్టదు.

ట్రిపుల్ డబ్ల్యూకి సీనేమ్ పెట్టగలిగాను. వట్టి ఎగ్జాంపుల్.కామ్‌కి పెట్టబోతే ప్యానెల్ ఒప్పుకోవట్లేదు. ఎందుకు?

ఆర్ఎఫ్‌సీ 1034 ప్రకారం ఒక పేరు దగ్గర సీనేమ్ ఉంటే ఇంకే రికార్డూ ఉండకూడదు. "నన్ను అడగొద్దు, అతన్ని అడుగు" అన్నాక మళ్లీ సొంత జవాబులు దాచుకోవడం కుదరదు కదా. కానీ రూట్ డొమైన్ దగ్గర రెండు రకాల రికార్డులు తప్పనిసరి: జోన్ (మీ డొమైన్ రికార్డులన్నీ కలిసిన జాబితా) వివరాలు చెప్పే ఎస్ఓఏ, నేమ్‌సర్వర్లు చెప్పే ఎన్ఎస్. అవి లేకపోతే జోనే లేదు. అందుకే అక్కడ సీనేమ్‌కు చోటు లేదు. ప్యానెల్ మొండికేయడం కాదు, నియమమే అది.

కొన్ని పాత ప్యానెళ్లు ఒప్పుకుంటాయి. సైటు తెరుచుకుంటుంది కూడా. అసలు తంటా తర్వాత మొదలవుతుంది. రూట్ డొమైన్ మీద సాధారణంగా మెయిల్ నడుస్తుంటుంది, అంటే మెయిల్ ఏ సర్వరుకు చేరాలో చెప్పే ఎంఎక్స్ రికార్డులు అక్కడే ఉంటాయి. ఎవరో మీ సైటు చూశారు, వాళ్ల రిజాల్వర్ మీ సీనేమ్‌ను గుర్తుపెట్టుకుంది. కాసేపటికి అదే రిజాల్వర్ నుంచి ఎవరో మీకు మెయిల్ పంపారు. ఎంఎక్స్ ఎక్కడని అడిగితే, గుర్తున్న సీనేమ్ పట్టుకుని టార్గెట్ డొమైన్ ఎంఎక్స్ వెతుకుతుంది. మీ మెయిల్ ఎక్కడికో వెళ్తుంది, లేదా తిరిగొస్తుంది. ఇంకో రిజాల్వర్ ముందుగా ఎంఎక్స్‌నే అడిగి ఉంటే దాని మెయిల్ సవ్యంగా చేరుతుంది. కొందరి మెయిళ్లు వస్తున్నాయి, కొందరివి రావట్లేదు అనే ఫిర్యాదు విన్నప్పుడు నేను మొదట చూసేది ఇదే.

మరి రూట్ డొమైన్‌కి ఏం చేయాలి?

దారులు మూడున్నాయి.

అందరికీ పనికొచ్చేది: ట్రిపుల్ డబ్ల్యూ పేరును అసలు సైటుగా పెట్టుకుని దానికి సీనేమ్ ఇవ్వండి. వట్టి పేరుకు వచ్చినవాళ్లను అక్కడికి రీడైరెక్ట్ చేయండి. రెండు పేర్లూ విడివిడిగా ఒకే పేజీ చూపించేలా వదిలేయకండి, సెర్చ్ ఇంజిన్లకు అసలుది ఏదో స్పష్టంగా ఉండాలి. తెలుగు బ్లాగర్లలో చాలామంది వాడే బ్లాగర్ పద్ధతి ఇదే. ట్రిపుల్ డబ్ల్యూకి జీహెచ్ఎస్.గూగుల్.కామ్ అని సీనేమ్, దాంతోపాటు డొమైన్ మీదేనని రుజువుకు ఇంకో సీనేమ్ అడుగుతుంది. ఆ రెండోది ఒక్కో బ్లాగుకు ఒక్కోలా ఉంటుంది, వేరొకరి ట్యుటోరియల్ నుంచి కాపీ చేస్తే పనికిరాదు. వట్టి పేరుకు 216.239.32.21, 216.239.34.21, 216.239.36.21, 216.239.38.21 అనే నాలుగు ఏ రికార్డులు పెట్టి, బ్లాగర్ సెట్టింగ్స్‌లో రీడైరెక్ట్ ఆన్ చేయాలి.

రెండో దారి: హోస్టింగ్ కంపెనీ స్థిరమైన ఐపీలు ప్రకటిస్తే రూట్‌కు ఏ రికార్డులే పెట్టడం. గిట్‌హబ్ పేజెస్ అలా నాలుగు ఇస్తుంది: 185.199.108.153 మొదలుకుని 185.199.111.153 వరకు, మూడో అంకె ఒక్కొక్కటి పెరుగుతుంది. నాలుగూ పెట్టాలి.

మూడోది ఏలియాస్, ఏనేమ్, ఫ్లాటెనింగ్ అనే పేర్లతో డీఎన్ఎస్ కంపెనీలు ఇచ్చే సౌకర్యం. దానికి విడిగా ఒక ప్రశ్న ఉండాల్సిందే.

ఏలియాస్, ఏనేమ్, సీనేమ్ ఫ్లాటెనింగ్: మూడూ ఒకటేనా?

ఆలోచన ఒకటే. మీరు టార్గెట్ పేరు ఇస్తారు. డీఎన్ఎస్ కంపెనీ ఆ పేరుకున్న ఐపీలు తనే కనుక్కుని, బయటివాళ్లకు మామూలు 'ఏ' రికార్డులా అందిస్తుంది. సీనేమ్ అన్నది బయటికి కనిపించదు కాబట్టి నియమమూ తప్పదు, ఎంఎక్స్ రికార్డులకూ ఇబ్బంది లేదు. క్లౌడ్‌ఫ్లేర్ 2014లో దీన్ని ఫ్లాటెనింగ్ పేరుతో తెచ్చింది. అమెజాన్ రూట్ 53లో ఏలియాస్ అంటారు, కానీ అది అమెజాన్ సొంత సర్వీసులకు, అదే జోన్‌లోని రికార్డులకు మాత్రమే. బయటి కంపెనీ పేరు ఇస్తే తీసుకోదు.

ఇవేవీ ఇంటర్నెట్ ప్రమాణాలు కావు. ఏనేమ్‌ను ప్రమాణంగా తేవాలని ఇంటర్నెట్ ప్రమాణాలు తయారుచేసే ఐఈటీఎఫ్‌లో ఒక ముసాయిదా నడిచింది, పూర్తికాకుండానే గడువు తీరిపోయింది. దాని ఫలితం మీకు డీఎన్ఎస్ కంపెనీ మారే రోజున తెలుస్తుంది. జోన్ ఫైల్ ఎక్స్‌పోర్ట్ చేసుకున్నా ఏలియాస్ దానితో సరిగ్గా రాదు, కొత్తచోట ఆ సౌకర్యం ఉందో లేదో ముందే చూసుకోవాలి.

ఇంకో లోపం ఉంది. ఐపీ కనుక్కునేది చూడటానికి వచ్చిన మనిషి రిజాల్వర్ కాదు, డీఎన్ఎస్ కంపెనీ సర్వరు. టార్గెట్ ఏదైనా సీడీఎన్ (చాలా ఊళ్లలో సర్వర్లు పెట్టి సైట్లు అందించే నెట్‌వర్క్) అయి, అడిగినవాళ్ల ఊరిని బట్టి దగ్గరి సర్వరు ఐపీ ఇచ్చేదైతే, విజయవాడలో కూర్చున్నవాళ్లకు సింగపూర్ ఐపీ దక్కే అవకాశముంది. ఒకే ఐపీని ప్రపంచమంతా ప్రకటించే ఎనీకాస్ట్ సీడీఎన్‌లతో ఈ గొడవ ఉండదు.

దీనికి ప్రమాణంగా వచ్చిన పరిష్కారం 2023 నవంబరు నాటి ఆర్ఎఫ్‌సీ 9460. అందులోని హెచ్‌టీటీపీఎస్ రికార్డుకు ఏలియాస్ మోడ్ ఉంది, రూట్ దగ్గర కూడా పెట్టొచ్చు. అయితే అన్ని బ్రౌజర్లూ దాన్ని పాటించట్లేదు. ఇప్పట్లో దాన్నొక్కదాన్నే నమ్ముకోకండి.

గిట్‌హబ్ రిపాజిటరీలో (సైటు ఫైళ్లుండే చోట) సీనేమ్ అనే ఫైలుంది. అంటే రికార్డు పెట్టేసినట్టేనా?

కాదు. అది పైన చెప్పిన పనిలో రెండో సగం, అంటే "ఈ పేరుతో వచ్చినవాళ్లకు ఈ సైటు చూపించు" అని గిట్‌హబ్‌కు చెప్పేది. దానికి ఆ పేరు పెట్టడం వల్ల కొత్తవాళ్లు అయోమయంలో పడుతున్నారు. డీఎన్ఎస్ రికార్డు మీరు విడిగా పెట్టాల్సిందే. అందులో టార్గెట్‌గా మీ యూజర్‌నేమ్.గిట్‌హబ్.ఐఓ మాత్రమే రాయాలి, రిపాజిటరీ పేరు రాయకూడదు.

ప్యానెల్‌లో ఏ గడిలో ఏం రాయాలి?

"హోస్ట్" లేదా "నేమ్" అన్న గడిలో మొదటి ముక్క ఒక్కటే: షాప్, బ్లాగ్, లేదా ట్రిపుల్ డబ్ల్యూ. చాలా ప్యానెళ్లు మిగతా డొమైన్‌ను వాటంతటవే తగిలిస్తాయి. పూర్తి పేరు రాస్తే షాప్.ఎగ్జాంపుల్.కామ్.ఎగ్జాంపుల్.కామ్ అనే ఎవరూ అడగని పేరు తయారవుతుంది. సేవ్ చేశాక ప్యానెల్ ఏం చూపిస్తోందో ఒకసారి చదవండి. @ గుర్తు అంటే రూట్ డొమైన్.

"వాల్యూ" లేదా "టార్గెట్" గడిలో అవతలి పేరు పూర్తిగా. చివర ఒక చుక్క పెట్టాలా వద్దా అన్నది ప్యానెల్‌ను బట్టి ఉంటుంది. జోన్ ఫైల్‌ను చేత్తో రాసేవాళ్లకు ఆ చుక్క తప్పనిసరి, లేకపోతే టార్గెట్ వెనక కూడా మీ డొమైన్ అతుక్కుంటుంది. వెబ్ ప్యానెల్‌లో ఎక్కువగా అక్కర్లేదు. విలువలో ఐపీ రాయకూడదు. ఐపీ ఉంటే అది 'ఏ' రికార్డు పని.

ఆ పేరుకు అప్పటికే 'ఏ' రికార్డు ఉంటే ముందు దాన్ని తీసేయండి. కొత్త డొమైన్ కొన్నప్పుడు రిజిస్ట్రార్ పార్కింగ్ పేజీ కోసం పెట్టిన రికార్డు అలాగే ఉంటుంది, మీ సీనేమ్‌కు అడ్డం వచ్చేది సాధారణంగా అదే.

అన్నీ సరిగ్గా రాశాను. బయట మాత్రం రికార్డు కనిపించట్లేదు.

డొమైన్ నేమ్‌సర్వర్లు ఎక్కడున్నాయో చూడండి. డొమైన్ ఒకచోట కొని, నేమ్‌సర్వర్లను క్లౌడ్‌ఫ్లేర్‌కో హోస్టింగ్‌కో ఎప్పుడో మార్చి ఉంటారు. తర్వాత అలవాటుగా కొన్నచోటి ప్యానెల్ తెరిచి అక్కడ రికార్డు చేరుస్తారు. ఆ ప్యానెల్ కూడా హాయిగా సేవ్ చేసుకుంటుంది, కానీ అక్కడ రాసింది ప్రపంచంలో ఎవరూ చదవరు. నేమ్‌సర్వర్లు ఎవరివో వాళ్ల ప్యానెల్‌లోనే రికార్డు చేర్చాలి.

ఎంతసేపటికి పనిచేస్తుంది? అందరూ 48 గంటలంటారు.

కస్టమర్ కేర్ నోట ఈ 48 గంటలు మంత్రంలా వస్తుంటుంది. ఆ అంకెకు మూలం ఒకటుంది: డాట్ కామ్ రిజిస్ట్రీ నేమ్‌సర్వర్ రికార్డులకు ఇచ్చే టీటీఎల్ (రిజాల్వర్లు జవాబును ఎంతసేపు దాచుకోవచ్చో చెప్పే గడువు) 1,72,800 సెకన్లు, అంటే రెండు రోజులు. నేమ్‌సర్వర్లు మార్చినప్పుడు ఆ లెక్క వర్తిస్తుంది. ఒక సీనేమ్ చేర్చడానికి దానితో పనిలేదు.

సీనేమ్ విషయంలో లెక్క మీ రికార్డు టీటీఎల్‌ది. కొత్త పేరైతే నేమ్‌సర్వర్‌కు చేరిన వెంటనే, అంటే సాధారణంగా నిమిషాల్లో పనిచేస్తుంది. ఉన్న రికార్డును మారిస్తే పాత టీటీఎల్ గడిచేదాకా కొందరికి పాతదే కనిపిస్తుంది. అందుకే హోస్టింగ్ మార్చే ముందు రోజే టీటీఎల్‌ను 300 సెకన్లకు తగ్గించండి. పాత టీటీఎల్ 86,400 అయితే ఒక రోజంతా ఆగాలి, అప్పుడే ఆ తగ్గింపు అందరికీ చేరుతుంది. తర్వాత టార్గెట్ మార్చండి. అంతా కుదిరాక మళ్లీ పెంచుకోవచ్చు.

ఇంకొక చిక్కు: రికార్డు చేర్చకముందే ఆ పేరును బ్రౌజర్‌లో కొట్టి చూస్తే, "అలాంటి పేరు లేదు" అనే జవాబును కూడా రిజాల్వర్ దాచుకుంటుంది. దానికి ఎంతసేపు అన్నది ఎస్ఓఏ రికార్డులోని అంకెలు చెబుతాయి. "నాకు తప్ప అందరికీ వస్తోంది" అనేదానికి కారణం చాలాసార్లు ఇదే. ముందు రికార్డు పెట్టి, తర్వాత తెరిచి చూడండి.

సరిగ్గా పడిందో లేదో ఎలా చెక్ చేయాలి?

బ్రౌజర్‌తో వద్దు, దానికి పాత జవాబులు దాచుకునే సొంత కాష్ ఉంటుంది. లినక్స్, మ్యాక్‌లో డిగ్ కమాండ్, విండోస్‌లో ఎన్ఎస్‌లుకప్ వాడండి. ముందు మీ నేమ్‌సర్వర్‌నే నేరుగా అడగండి. అక్కడ సరైన జవాబు ఉంటే మీ పని అయిపోయినట్టే, మిగిలింది కాష్ గడువు. తర్వాత 8.8.8.8, 1.1.1.1 లాంటి బయటి రిజాల్వర్లను అడిగితే మిగతా ప్రపంచానికి ఏం కనిపిస్తోందో తెలుస్తుంది.

క్లౌడ్‌ఫ్లేర్ ప్యానెల్‌లో రికార్డు పక్కనుండే నారింజ మేఘం (ట్రాఫిక్‌ను తమ మీదుగా పంపే గుర్తు) ఆన్‌లో ఉంటే బయటికి సీనేమ్ కనిపించదు, క్లౌడ్‌ఫ్లేర్ ఐపీలే కనిపిస్తాయి. అది తప్పు కాదు. కానీ డొమైన్ వెరిఫికేషన్ కోసం పెట్టే సీనేమ్‌లకు ఆ మేఘం బూడిద రంగులో ఉండాలి. నారింజలో ఉంటే అవతలి సర్వీసుకు రికార్డు కనబడక వెరిఫికేషన్ ఆగిపోతుంది.

సీనేమ్ వల్ల నా మెయిల్ దెబ్బతింటుందా?

ట్రిపుల్ డబ్ల్యూకో షాప్‌కో పెట్టిన సీనేమ్ వల్ల రూట్ డొమైన్ మెయిల్‌కు ఏమీ కాదు. రెండు చోట్ల జాగ్రత్త పడాలి. సీనేమ్ ఉన్న పేరు మీదే మెయిల్ నడపాలనుకోకండి, దాని పక్కన ఎంఎక్స్ గానీ ఎస్‌పీఎఫ్ (మీ పేరుతో మెయిల్ ఎవరు పంపొచ్చో చెప్పే జాబితా) కోసం టీఎక్స్‌టీ అనే టెక్స్ట్ రికార్డు గానీ పెట్టలేరు. అలాగే ఎంఎక్స్ రికార్డులో రాసే మెయిల్ సర్వరు పేరు సీనేమ్ అయి ఉండకూడదని 1997 నాటి ఆర్ఎఫ్‌సీ 2181 స్పష్టంగా చెబుతుంది. కొన్ని మెయిల్ సర్వర్లు చూసీచూడనట్టు ఊరుకుంటాయి, కొన్ని ఊరుకోవు.

మెయిల్ కంపెనీయే డీకేఐఎం కోసం సీనేమ్‌లు పెట్టమంటోంది. అదెందుకు?

డీకేఐఎం అంటే మెయిల్ మీ డొమైన్ నుంచే వచ్చిందని చూపే డిజిటల్ సంతకం. ఆ సంతకాల తాళంచెవులు అప్పుడప్పుడూ మార్చాలి. టీఎక్స్‌టీగా పెడితే మార్చిన ప్రతిసారీ మీరే కాపీ పేస్ట్ చేయాలి. సీనేమ్ పెడితే తాళంచెవి వాళ్ల దగ్గరే ఉంటుంది, వాళ్లే మార్చుకుంటారు. మైక్రోసాఫ్ట్ 365 రెండు సెలెక్టర్లకు (తాళంచెవుల పేర్లకు) రెండు సీనేమ్‌లు అడిగేది ఇందుకే. సర్టిఫికెట్ రుజువు కోసం వాడే ఏసీఎంఈ-ఛాలెంజ్ పేరును కూడా ఇలాగే వేరే జోన్‌కు అప్పగించవచ్చు. మీ ప్రధాన డీఎన్ఎస్ పాస్‌వర్డును ఏ స్క్రిప్టుకూ ఇవ్వకుండా వైల్డ్‌కార్డ్ సర్టిఫికెట్లు (అన్ని సబ్‌డొమైన్లకూ పనికొచ్చేవి) రెన్యూ చేసుకోవడానికి ఇంతకంటే శుభ్రమైన దారి నాకు కనబడలేదు.

ఒకే పేరుకు రెండు సీనేమ్‌లు పెట్టొచ్చా? సీనేమ్ నుంచి ఇంకో సీనేమ్‌కు?

మొదటిది కుదరదు. రెండోది కుదురుతుంది, పెద్ద సీడీఎన్‌లలో రెండు మూడు మెట్లు మామూలే. మెట్టు పెరిగేకొద్దీ రిజాల్వర్‌కు కాస్త పని పెరుగుతుంది, అదీ కాష్‌లో లేనప్పుడే, మిల్లీసెకన్లలో. తిరిగి తిరిగి మొదటి పేరుకే వస్తే మాత్రం సైటు అసలు తెరుచుకోదు.

హోస్టింగ్ ఖాతా మూసేశాను. సీనేమ్ అలాగే ఉండిపోయింది. ఏమన్నా నష్టమా?

ఉంది. ఈ పేజీలో ఒక్క జవాబే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి.

మీ రికార్డు ఇంకా ఆ సర్వీసు వైపే చూపిస్తోంది, అక్కడ మాత్రం ఆ పేరు ఖాళీగా ఉంది. వేరెవరో అదే సర్వీసులో ఉచిత ఖాతా తెరిచి, "నా కస్టమ్ డొమైన్ షాప్.ఎగ్జాంపుల్.కామ్" అని చేర్చుకుంటే? కొన్ని సర్వీసులు వేరే రుజువు అడగవు, డీఎన్ఎస్ ఇటే చూపిస్తోంది కదా అని ఒప్పుకుంటాయి. ఆ క్షణం నుంచి మీ పేరు మీద వాళ్ల పేజీ నడుస్తుంది. ట్రాఫిక్ వాళ్లకే చేరుతుంది కాబట్టి ఆ పేరుకు అసలైన సర్టిఫికెట్ కూడా తెచ్చుకోగలరు. తాళం గుర్తు పడుతుంది, అడ్రస్ మీదే, చూసేవాళ్లకు అనుమానం రాదు. మీ సైటు కుకీలను (లాగిన్ లాంటివి గుర్తుంచుకోవడానికి బ్రౌజర్‌లో దాచేవాటిని) డొమైన్ మొత్తానికి వర్తించేలా పెట్టి ఉంటే అవి కూడా వాళ్ల సర్వరుకు వెళ్తాయి. దీన్ని సబ్‌డొమైన్ టేకోవర్ అంటారు. 2014లో డిటెక్టిఫై అనే సెక్యూరిటీ సంస్థ బయటపెట్టాక ఇది అందరి దృష్టికీ వచ్చింది. ఇలా వదిలేసిన రికార్డుల కోసం స్క్రిప్టులతో వెతికేవాళ్లు ఉంటారు, మీ సైటు చిన్నదా పెద్దదా అని చూడరు.

నివారణ సులువు, వరుస మాత్రం ముఖ్యం. ముందు డీఎన్ఎస్‌లో సీనేమ్ తీసేయండి. టీటీఎల్ గడిచాక హోస్టింగ్ ఖాతా మూయండి. జనం తిరగేసి చేస్తారు, ఖాతా మూశాక రికార్డు సంగతి గుర్తుండదు. కాలేజీ ఫెస్టులకూ ఎన్నికల ప్రచారాలకూ సినిమా ప్రమోషన్లకూ ఒక నెల కోసం తెరిచిన సబ్‌డొమైన్లు ఇలాగే మిగిలిపోతాయి. ఆరు నెలలకోసారి రికార్డుల జాబితా తెరిచి, ప్రతి సీనేమ్ టార్గెట్ ఇంకా మీదేనా అని చూడండి. గిట్‌హబ్‌లో డొమైన్ వెరిఫికేషన్ ఉంది, ఒక టీఎక్స్‌టీ రికార్డుతో అది చేసి పెట్టుకుంటే వేరే ఖాతా మీ పేరును వాడుకోలేదు.

నక్షత్రం గుర్తుతో అన్ని సబ్‌డొమైన్లకూ ఒకే సీనేమ్ పెట్టొచ్చా?

పెట్టొచ్చు. రికార్డు లేని పేర్లన్నిటికీ అది వర్తిస్తుంది, రూట్‌కు వర్తించదు. పైన చెప్పిన ప్రమాదం మాత్రం లెక్కలేనన్ని పేర్లకు విస్తరిస్తుంది. గిట్‌హబ్ పేజెస్‌తో వైల్డ్‌కార్డ్ వాడొద్దని గిట్‌హబ్బే చెబుతుంది. ప్రతి కస్టమర్‌కూ ఒక సబ్‌డొమైన్ ఇచ్చే సాఫ్ట్‌వేర్ మీరు నడుపుతుంటే తప్ప దీని అవసరం రాదు.

యాడ్ కంపెనీ తమ ట్రాకింగ్‌కు మా సబ్‌డొమైన్ సీనేమ్ అడుగుతోంది. ఇవ్వాలా?

ఆలోచించి ఇవ్వండి. మీ పేరు వెనక దాక్కుంటే బ్రౌజర్ వాళ్లను బయటివాళ్లుగా గుర్తించదని వాళ్ల ఆశ. సఫారీ 2020 నుంచి ఇలాంటి సీనేమ్ ద్వారా పెట్టే కుకీలను ఏడు రోజులకు కుదించింది. ఫైర్‌ఫాక్స్‌లో యూబ్లాక్ ఆరిజిన్ అనే యాడ్ బ్లాకర్ సీనేమ్ వెనకున్న పేరు చూసి అడ్డుకుంటుంది. అంటే లాభం తగ్గుతోంది, మీ సైటు కుకీలు బయటి సర్వరుకు చేరే ప్రమాదం మాత్రం అలాగే ఉంది.

డాట్ భారత్ డొమైన్‌కు, అంటే తెలుగు అక్షరాల పేరుకు కూడా సీనేమ్ పనిచేస్తుందా?

పనిచేస్తుంది. మన దేశ డొమైన్లు చూసే సంస్థ నిక్సీ నిర్వహించే తెలుగు .భారత్ పేర్లైనా, డాట్ కామ్ ముందు తెలుగు అక్షరాలున్న పేర్లైనా, డీఎన్ఎస్ లోపల అవి ప్యూనీకోడ్ అనే రూపంలోకి మారతాయి. అది ఎక్స్, ఎన్, రెండు అడ్డగీతలతో మొదలవుతుంది. కొన్ని ప్యానెళ్లు తెలుగులో టైప్ చేసినా మార్చుకుంటాయి. హోస్టింగ్ కస్టమ్ డొమైన్ గడుల్లో మాత్రం చాలాచోట్ల ప్యూనీకోడ్ రూపమే ఇవ్వాలి. రెండు వైపులా ఒకే రూపం ఇవ్వండి. చుక్కల మధ్య ఉండే ఒక్కో ముక్కకు 63 అక్షరాల పరిమితి ఉంది, అది ప్యూనీకోడ్‌గా మారాక లెక్కించేది. తెలుగు అక్షరాలు, గుణింతాలు, ఒత్తులతో ఆ కోడ్ త్వరగా పొడవవుతుంది కాబట్టి పొడవాటి సంస్థ పేరు మొత్తం పెట్టాలనుకునేవాళ్లు కొనేముందే మార్చి చూసుకోవడం మంచిది.